ఖార్కివ్‌లో ఉన్న మా టీమ్‌మేట్ తొమ్మిది రోజులుగా ఆన్‌లైన్‌కి రావట్లేదు. ఏం చేయాలి?

బెజవాడ_సపోర్ట్
2019 నుంచి ఉక్రెయిన్ కుర్రాడు ఒకడితో డోటా 2 (అయిదుగురేసి రెండు జట్లుగా ఆడే ఆన్‌లైన్ గేమ్) ఆడుతున్నా. దుబాయ్ సర్వర్‌లో అనుకోకుండా ఒకే టీమ్‌లో పడ్డాం, ఆ రోజు వరసగా ఆరు గేమ్‌లు గెలిచాం, అప్పటి నుంచి వదల్లేదు. వాడు మధ్య దారిలో ఒంటరిగా ఆడే మిడ్, నేను మిగతావాళ్ళకు సాయం చేసే సపోర్ట్. వాడిది ఖార్కివ్. రష్యా సరిహద్దు నుంచి ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో. బెజవాడ నుంచి గుంటూరు ఎంతో అంత.

2022 ఫిబ్రవరి 24న నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే 'మొదలైంది' అని ఒక్క మాట మెసేజ్ పెట్టాడు. మనకు ఎనిమిదిన్నర, వాళ్ళకు తెల్లవారుజామున అయిదు. తర్వాత మూడు వారాలు వాళ్ళమ్మతో కలిసి మెట్రో స్టేషన్‌లోనే పడుకున్నాడు. ఆ తర్వాత కూడా కరెంటు ఉన్నప్పుడల్లా వచ్చి ఆడేవాడు. మనకు రాత్రి పదిన్నర అంటే చలికాలంలో వాళ్ళకు సాయంత్రం ఏడు. అదే మా టైమ్.

అసలు సంగతి ఇది. ఈ మధ్య మ్యాచ్ మధ్యలో సైరన్ మోగుతుంది, లేదా కరెంటు పోతుంది. మేం ఆడేది ర్యాంక్డ్, అంటే గెలుపోటములను బట్టి ర్యాంకు మారే మ్యాచ్‌లు. డోటాలో అయిదు నిమిషాల్లో తిరిగి రాకపోతే మ్యాచ్ వదిలేసినట్టే లెక్క. మొన్న అలా నాలుగోసారి అయింది. వాడు తిరిగి వచ్చేసరికి మా అయిదుగురిలో ఒకతను మైక్‌లో 'కరెంటు లేనివాడివి ర్యాంక్డ్‌కి ఎందుకొస్తావ్' అని అరిచాడు. నేను ఏదో సర్దిచెప్పే లోపే మావాడు చాట్‌లో 'సారీ, నేను మీకు బరువైపోయాను' అని రాసి వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులైంది. స్టీమ్‌లో లేడు. టెలిగ్రామ్‌లో రెండు మెసేజ్‌లు పెట్టా, రెండింటికీ ఒక టిక్కే, అంటే ఇంకా చదవలేదు. కోపమో, ఇంకేమన్నా జరిగిందో తెలియక నిద్ర పట్టట్లేదు. ఇంకో మెసేజ్ పెట్టాలా, పెడితే ఏమని? అసలు ఇంటి కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని మనిషిని 'రా, గేమ్ ఆడదాం' అనడం తప్పా? ఇలాంటి ఫ్రెండ్ ఉన్నవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

గోదారి_లంక
చదువుతుంటేనే గుండె జారింది. ముందు ఆ అరిచినవాడితో ఎవరన్నా మాట్లాడారా?

ర్యాంక్_రాజా
అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా. అరవడం తప్పు. కానీ మిగతా నలుగురు కూడా రోజంతా పని చేసి రాత్రి ఒక గంట ఆడుకోడానికి వస్తారు. అయిదుగురి ఆటలో ఒకడు లేకపోతే మిగతావాళ్ళకు అరగంట నరకం. కరెంటు ఉంటుందో లేదో తెలియనప్పుడు ర్యాంక్డ్ పెట్టకూడదు. జాలి వేరు, మ్యాచ్ వేరు.

గోదారి_లంక
@ర్యాంక్_రాజా నీ అరగంట నరకం, వాళ్ళ నాలుగేళ్ళ నరకం ఒకే మాటతో ఎలా అన్నావయ్యా.

అమీర్‌పేట_కెఫె
కొట్టుకోకండి. రాజా చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ర్యాంక్డ్ అనే వ్యవస్థ మనిషి పరిస్థితి చూడదు. వదిలేసినవాడిని లో ప్రయారిటీ అనే శిక్ష గుంపులో పడేస్తుంది, అక్కడ సింగిల్ డ్రాఫ్ట్ అనే రకం మ్యాచ్‌లు గెలిచే దాకా బయటకు రాలేడు. అంటే మనవాడికి ఇంట్లో శిక్ష, ఆటలో కూడా శిక్ష. ఆ చోటు మార్చాల్సింది మీరు నలుగురు.

ప్రైవేట్ లాబీ పెట్టండి. పాస్‌వర్డ్ పెట్టుకుని మీ అయిదుగురు ఒకవైపు, కంప్యూటర్ ఆడించే బాట్‌లు అవతలవైపు. లేదా ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. సైరన్ మోగితే పాజ్ నొక్కండి. గంట ఆగినా అడిగేవాడు లేడు, పెనాల్టీ లేదు.

ఇంకో మాట. మా తరం నెట్ కెఫెల్లో గంటకు పదిహేను రూపాయలు కట్టి పాత డోటా నేర్చుకున్నది ఎవరిని చూసి? 2011లో జర్మనీలోని కొలోన్‌లో ఇంటర్నేషనల్ అనే పెద్ద డోటా టోర్నీ మొదటిసారి జరిగితే గెలిచింది నవి టీమ్. ఉక్రెయిన్ వాళ్ళది. వాళ్ళ మిడ్ ఆటగాడు డెండీ అక్కడి ల్వివ్ ఊరి కుర్రాడు. పది లక్షల డాలర్ల ప్రైజు అంటే కెఫె ఓనరు కూడా కుర్చీ లాక్కుని మా వెనక కూర్చున్నాడు. ఆ దేశం కుర్రాడు మిడ్ ఆడుతుంటే కాస్త వెయిట్ చేయడానికి నాకైతే ఏ ఇబ్బందీ లేదు.

విన్నిత్సా_రిటర్న్
నేను ఉక్రెయిన్‌లోని విన్నిత్సాలో మెడిసిన్ నాలుగో ఏడులో ఉండగా యుద్ధం మొదలైంది. బస్సులో రొమేనియా సరిహద్దుకు వెళ్ళి, మంచులో ఒక రాత్రంతా నిలబడి, బుఖారెస్ట్ నుంచి మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానంలో వచ్చా. మొత్తం దాదాపు 22,500 మంది భారతీయులు ఆ రోజుల్లో బయటపడ్డారు. నా సీనియర్లలో సగం మంది తెలుగువాళ్ళే. తర్వాత, ఆగిన చదువును వేరే దేశంలో కొనసాగించే మొబిలిటీ ప్రోగ్రామ్‌లో జార్జియాలో చదువు పూర్తి చేశా.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మేం వచ్చేశాం. అక్కడి మా క్లాస్‌మేట్లు రాలేరు. వాళ్ళ ఊరు అది. వాళ్ళలో ఒకడితో నేను ఇప్పటికీ ఫుట్‌బాల్ గేమ్ ఆడతా. నాలుగేళ్ళలో నేర్చుకున్నవి కొన్ని రాస్తా, పనికొస్తాయేమో.

'నువ్వు ఎందుకు బయటకు వెళ్ళిపోవు' అని అడగొద్దు. యుద్ధం మొదలైనప్పటి నుంచి 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు దేశం దాటడానికి వీల్లేదు. 2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకు సడలించారు. ఆర్మీకి పిలిచే వయసు 2024లో 27 నుంచి 25కి తగ్గించారు. మీ ఫ్రెండ్ వయసు ఎంతో తెలియదు కానీ, ఆ ప్రశ్న అడిగితే వాడి లోపల ఎప్పుడూ తిరుగుతున్న దాన్నే మీరు బయటకు లాగినట్టు.

'ఎక్కడ పడింది, ఫోటో పెట్టు' అని కూడా అడగొద్దు. దాడి జరిగిన చోటు వివరాలు అలా బయటపెట్టడం అక్కడ నేరం కిందకు రావచ్చు. చాలామంది మంచి ఉద్దేశంతోనే అడుగుతారు, అవతలివాడు జవాబు చెప్పలేక ఇబ్బంది పడతాడు.

సైరన్ మోగగానే అందరూ బేస్‌మెంట్‌కి పరిగెత్తుతారని మనం అనుకుంటాం. అన్నిసార్లూ కుదరదు. రోజుకు అయిదారుసార్లు మోగితే ఎవరు దిగుతారు? రెండు గోడల పద్ధతి అని ఉంది. మనిషికీ వీధికీ మధ్య కనీసం రెండు గోడలు ఉండాలి. మొదటి గోడ పేలుడును ఆపుతుంది, రెండోది ముక్కల్ని ఆపుతుంది. అందుకని ఇంటి లోపలి నడవాలోనో బాత్‌రూమ్‌లోనో కూర్చుంటారు. నా ఫ్రెండ్ లాప్‌టాప్ తీసుకుని బాత్‌టబ్‌లో దిండు వేసుకుని ఆడతాడు. ఖార్కివ్‌లో అయితే సరిహద్దు అంత దగ్గర కాబట్టి ఒక్కోసారి పేలుడు ముందు, సైరన్ తర్వాత.

కరెంటు సంగతి. అక్కడ చాలా ఇళ్ళకు ఫైబర్ నెట్ ఉంది. కరెంటు పోయినా రౌటర్‌కి పవర్ బ్యాంక్ తగిలిస్తే నెట్ నడుస్తుంది. డెస్క్‌టాప్ నడవదు, అంతే. అంటే డోటా కుదరని రాత్రి కూడా ఫోన్‌లో ఆడే ఆట కుదురుతుంది. అది పట్టుకోండి.

బెజవాడ_సపోర్ట్
@విన్నిత్సా_రిటర్న్ వాడికి 27. రౌటర్ విషయం నాకు తెలియదు. వాడిది డెస్క్‌టాపే. ఇన్ని రోజులూ కరెంటు లేదంటే నెట్ కూడా లేదనే అనుకున్నా.

పేరు_చెప్పను
కరెంటు లేకపోవడం మనకేం కొత్త. 2012లో మా ఊళ్ళో పగలంతా కోత, ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే. బతకలేదా?

అమీర్‌పేట_కెఫె
@పేరు_చెప్పను అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరూ మిసైల్ వేయలేదు సోదరా. 2024 మార్చి 22న ఒక్క దాడిలో ఖార్కివ్ ఊరంతా చీకటైపోయింది. బయట మైనస్‌లో చలి ఉంటే హీటింగ్ కూడా పోతుంది. మన కోతకు విసనకర్ర చాలు.

పేరు_చెప్పను
సరే, ఆ చలి సంగతి ఆలోచించలేదు.

జవాను_చెల్లి
గేమ్ ఆడదామనడం తప్పా అని అడిగారు కదా. మా అన్నయ్య ఆర్మీలో ఉన్నాడు. 2025 మేలో పూంఛ్ వైపు షెల్లింగ్ జరిగిన ఆ నాలుగు రోజులు మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. అన్నయ్య ఎక్కడున్నాడో చెప్పడు, మేం అడగం. ఫోన్ దొరికినప్పుడు అమ్మ 'ఎలా ఉన్నావురా' అంటే 'బాగున్నా' అంటాడు. అంతే, ఇద్దరికీ ఇంకో మాట దొరకదు.

నాకూ అన్నయ్యకూ మాత్రం లూడో. చిన్నప్పటి నుంచీ గొడవే దాని మీద. సిగ్నల్ ఉన్నప్పుడు వాడు పాచిక వేస్తాడు, నేను వేస్తాను. నా కాయను చంపి, నవ్వుతున్న బొమ్మ పెడతాడు. ఆ బొమ్మ చూశాక నేను అమ్మ దగ్గరకు వెళ్ళి 'అన్నయ్య బాగున్నాడు' అని చెప్పేదాన్ని. అమ్మ నా ముఖం చూసి నమ్మేది. 'బాగున్నా' అన్న మాట నమ్మేది కాదు.

అందుకే తప్పు కాదంటాను. అడగండి.

గోదారి_లంక
అక్కా, మీ అన్నయ్యకు నా నమస్కారం చెప్పండి. లూడోలో కాయల్ని చంపడం కాస్త తగ్గించమనండి.

ర్యాంక్_రాజా
చదివాను. ర్యాంక్డ్ విషయంలో నా మాట మారలేదు. ప్రైవేట్ లాబీ ఐడియా మాత్రం నాకు ముందే తట్టాల్సింది. మేం కూడా ఒకసారి ఒక మనిషిని ఇలాగే తరిమేశాం, వాడి కథ ఏంటో అడగలేదు.

అరవైనాలుగు_గళ్ళు
నాది చదరంగం. డోటా గురించి తెలియదు, కానీ ఈ సమస్యకు చదరంగంలో ఒక మంచి దారి ఉంది.

లీచెస్ అనే చదరంగం సైట్‌లో కరస్పాండెన్స్ అని ఉంటుంది. ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు, పాత ఫోన్‌లో కూడా నడుస్తుంది. ఇద్దరూ ఒకే సమయానికి కూర్చోవాల్సిన పని లేదు. కరెంటు వచ్చినప్పుడు వాడు ఒక ఎత్తు వేస్తాడు, టీ తాగుతూ నేను ఒకటి వేస్తా. మధ్యలో వెళ్ళిపోవడం అనేదే ఉండదు, కాబట్టి సారీ అనాల్సిన అవసరమే రాదు.

ఉక్రెయిన్‌లోని ఒడెసాలో ఒక మాస్టారితో మూడేళ్ళుగా ఇలా ఆడుతున్నా. ఎప్పుడూ రెండు ఆటలు నడుస్తుంటాయి, ఒకటి తెల్లపావులతో, ఒకటి నల్లపావులతో. ఒకసారి పదకొండు రోజులు ఎత్తు రాలేదు. రోజూ పొద్దున లేవగానే ఫోన్ తీసి బోర్డు చూసేవాణ్ణి. మా ఆవిడ 'ఎవరితో అంత పని' అని అడిగితే చెప్పా, తను కూడా చూడటం మొదలుపెట్టింది. పన్నెండో రోజు గుర్రం కదిలింది. మెసేజ్ ఏమీ లేదు. ఆ ఒక్క గుర్రాన్ని చూసి ఇద్దరం వంటింట్లో నిలబడి ఏడ్చాం. వాళ్ళ వీధిలో కేబుల్ తెగిందట, అంతే. తర్వాత చెప్పాడు.

ఇంకొకటి. 2022 ఆగస్టులో మన చెన్నై దగ్గర మామల్లపురంలో చదరంగం ఒలింపియాడ్ జరిగింది కదా. మహిళల్లో బంగారు పతకం ఉక్రెయిన్‌దే. ఊళ్ళో బాంబులు పడుతుంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చి గెలిచారు. మన జట్టుకు కాంస్యం, అందులో మన హంపి, నిండు గర్భంతో హారిక. ఆ ఉక్రెయిన్ జట్టులో ఉషెనినాది ఖార్కివే. మీ ఫ్రెండ్‌కి ఈ సంగతి చెప్పండి. వాళ్ళ ఊరు అంటే వార్తల్లో ఎప్పుడూ కూలిన మేడలే చూపిస్తున్నారు. మా దేశంలో మీ ఊరు ఇలా కూడా తెలుసు అని చెప్తే బాగుంటుంది.

అమీర్‌పేట_కెఫె
మాస్టారూ, ఆ గుర్రం దగ్గర ఆగిపోయా. రెండోసారి చదివా.

వైజాగ్_అల
నేను కౌన్సెలర్‌ని, పదేళ్ళుగా ఇదే పని. విపత్తులో ఉన్నవాళ్ళకు మొదటి సాయం గురించి డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకంలో మూడు మాటలు ఉంటాయి. చూడు, విను, కలుపు. మనం 'విను' దాటి వెంటనే సలహాలకు దూకుతాం. 'ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది' అంటాం. అది మన భయం తగ్గించుకోడానికి అనే మాట. వాళ్ళకు మంచే జరుగుతుందో లేదో మనకు తెలియదు, వాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

బెజవాడ తమ్ముడూ, 'నేను మీకు బరువైపోయాను' అన్న మాటను తేలిగ్గా తీసుకోకు. నిద్ర లేని మనిషి, నాలుగేళ్ళుగా నిద్ర లేని మనిషి అనే మాట అది. దానికి జవాబు మాత్రం నేరుగా ఇవ్వాలి. బతిమాలకు, లెక్చర్ వద్దు. జవాబు రాయాలనే ఒత్తిడి కూడా పెట్టకు. 'నువ్వు బరువు కాదు. నీకోసం చోటు ఉంచాం. నీకు కుదిరినప్పుడు రా, రాలేకపోయినా పర్లేదు' అన్నట్టు నీ మాటల్లో రాయి. ఒక్కసారి రాసి ఆగు.

ఎప్పుడైనా మాటల్లో బతకాలని లేదు అన్నట్టు వినిపిస్తే, ఉక్రెయిన్‌లో 7333 అనే లైన్ ఉంది, రోజంతా పనిచేస్తుంది. నువ్వు కూడా నిద్ర పట్టట్లేదన్నావు. మన దగ్గర టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడకు.

బెజవాడ_సపోర్ట్
అక్కా, మీరు చెప్పినట్టే రాశా. ఇంగ్లిష్‌లో మూడే వాక్యాలు. టెలిగ్రామ్‌లో పెట్టా. ఇప్పటికి ఒక టిక్కే.

అక్కడ ఏ జిల్లాలో సైరన్ మోగుతోందో చూపించే అలర్ట్ మ్యాప్ ఉంది, రోజూ అదే చూస్తున్నా. జిల్లాలు ఎర్రగా మారుతుంటాయి. ఖార్కివ్ దాదాపు ఎప్పుడూ ఎరుపే. ఆఫీసులో మీటింగ్‌లో కూడా ఫోన్ కింద పెట్టలేకపోతున్నా.

విన్నిత్సా_రిటర్న్
ఆ మ్యాప్ తీసేయండి అన్నా. నేను ఒక ఏడాది చూశా. 2022 జులై 14న విన్నిత్సా సెంటర్‌లో మిసైల్స్ పడ్డప్పుడు మ్యాప్ చూస్తూనే ఉన్నా, నేను చూడటం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఆ రోజు నుంచి తీసేశా.

జవాను_చెల్లి
నేను ఒప్పుకోను. కొందరికి చూడకపోతేనే ఇంకా భయం. అన్నయ్య విషయంలో నేను వార్తలు ఆపేసిన రోజే ఎక్కువ ఏడ్చా. రోజుకు రెండుసార్లు, టైమ్ పెట్టుకుని చూడండి.

బెర్లిన్_బిర్యానీ
మా ఆఫీసులో ఒకామె ఉక్రెయిన్‌లోని మికోలాయివ్ నుంచి వచ్చింది, పదేళ్ళ కొడుకుతో. భర్త అక్కడే, ఎలక్ట్రీషియన్. ఆ ఊళ్ళో 2022 ఏప్రిల్‌లో తాగునీటి పైపులైను దెబ్బతింది, తర్వాత ఏళ్ళ తరబడి కుళాయిలో ఉప్పునీళ్ళే.

తండ్రీకొడుకులు రోజూ సాయంత్రం మైన్‌క్రాఫ్ట్ ఆడతారు. ఇద్దరికీ ఒకే ప్రపంచం, చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నారు. పిల్లాడు స్కూల్లో జర్మన్‌తో కుస్తీ పడి వచ్చేసరికి, నాన్న అంతకుముందు రాత్రి కరెంటు ఉన్న గంటలో ఒక గోడ కట్టి ఉంచుతాడు. పిల్లాడు దానికి కిటికీ పెడతాడు. ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండకపోయినా ఇల్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఫోన్‌లో 'నాన్నా ఎప్పుడొస్తావ్' అని అడిగే పిల్లాడు, ఆటలో మాత్రం 'మేడ మీద ఇంకో గది కావాలి' అంటాడని ఆమె చెప్పింది.

అరవైనాలుగు_గళ్ళు గారు చెప్పిన గుర్రం కూడా ఇలాంటిదే అనిపించింది. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకునే ఆటలు చూడండి.

కంట్రోలర్_కాకినాడ
దిస్ వార్ ఆఫ్ మైన్ అని ఒక గేమ్ ఉంది, పోలాండ్ వాళ్ళది. ముట్టడిలో చిక్కుకున్న మామూలు జనం కథ. యుద్ధం మొదలైనప్పుడు ఆ కంపెనీ వారం రోజుల పాటు ఆ గేమ్ మీద వచ్చిన డబ్బంతా ఉక్రెయిన్ రెడ్‌క్రాస్‌కి ఇచ్చింది. అది వాడికి గిఫ్ట్ ఇస్తే మనం అర్థం చేసుకున్నామని తెలుస్తుంది కదా?

విన్నిత్సా_రిటర్న్
@కంట్రోలర్_కాకినాడ దయచేసి వద్దు. ఆ గేమ్ మనలాంటి వాళ్ళు ఆడాలి. వాడు దాంట్లోనే ఉన్నాడు.

ర్యాంక్_రాజా
మరి కౌంటర్ స్ట్రైక్, డోటా కూడా చంపుకోడమేగా?

విన్నిత్సా_రిటర్న్
అది వాళ్ళను అడగాలి. నా ఫ్రెండ్‌కి తుపాకీ శబ్దం ఉన్న ఏ ఆటా పడదు, అందుకే ఫుట్‌బాల్. వాళ్ళ తమ్ముడు మాత్రం కౌంటర్ స్ట్రైక్ తప్ప ఏదీ ఆడడు. 'అక్కడ చచ్చినా మళ్ళీ రౌండ్ మొదలవుతుంది' అంటాడట. ఒకే ఇంట్లో ఇద్దరు.

వైజాగ్_అల
అదే సరైన మాట. మనం వాళ్ళ తరఫున నిర్ణయించకూడదు.

ఒక_మాట
నాకు రష్యా సమారాలో ఒక గేమింగ్ ఫ్రెండ్ ఉన్నాడు. మంచివాడు, యుద్ధం అంటే ఇష్టం లేదు, బయటకు చెప్పలేడు. వాడు కూడా బాధపడుతున్నాడు. వాడి గురించి ఎవరూ మాట్లాడరేం?

బెర్లిన్_బిర్యానీ
@ఒక_మాట మాట్లాడొచ్చు. నువ్వు వాడితో ఆడుకో, ఎవరూ కాదనరు. ఇద్దరినీ ఒకే లాబీలో కలిపి 'మీరు మీరు మాట్లాడుకోండి' అని మాత్రం అనకు. ఇల్లు కూలినవాడిని ముందు అడగాలి. మా ఆఫీసులో ఒకతను మంచి మనసుతోనే అలా చేశాడు, ఆమె రెండు వారాలు లంచ్‌కి రాలేదు.

అమీర్‌పేట_కెఫె
మన హైదరాబాద్ కుర్రాడు కూడా హెల్పర్ ఉద్యోగమని నమ్మి వెళ్ళి, రష్యా సైన్యంలో పడి 2024లో చనిపోయాడు. ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది.

భాష సంగతి కూడా చూసుకోండి. ఖార్కివ్‌లో చాలామంది ఇళ్ళలో రష్యన్ మాట్లాడేవారు, యుద్ధం తర్వాత ఎందరో పట్టుబట్టి ఉక్రేనియన్‌కి మారారు. హాయ్ అనడానికి రష్యన్‌లో 'ప్రివెట్' అని రాసే బదులు ఉక్రేనియన్‌లో 'ప్రివిత్' అని రాయండి. వాళ్ళ లిపిలో ఒక్క అక్షరమే తేడా, వాళ్ళకు అది పెద్ద విషయం.

బెజవాడ_సపోర్ట్
నేను ఆరేళ్ళుగా 'ప్రివెట్' అనే అంటున్నా. ఒక్కసారి కూడా దిద్దలేదు వాడు.

లెక్కల_మాస్టారు
అందరం తలా వెయ్యి వేసుకుని ఒక బ్యాటరీ స్టేషన్ కొనిపెడితే? డెస్క్‌టాప్ కూడా నడుస్తుంది. ఫోర్ట్‌నైట్ గేమ్ వాళ్ళు 2022లో రెండు వారాల్లో 14 కోట్ల 40 లక్షల డాలర్లు ఉక్రెయిన్ సాయానికి పోగేశారు. మనం ఒక్క బ్యాటరీ కొనలేమా?

వైజాగ్_అల
మంచి ఆలోచనే, కానీ ఇప్పుడు వద్దు. బరువైపోయాను అంటున్న మనిషి చేతిలో ఇంకో అప్పు పెట్టినట్టు ఉంటుంది. వాడు తిరిగి వచ్చాక, మామూలు మాటల్లో, 'నీకు ఏం ఉంటే ఆట సాగుతుంది' అని అడిగి చూడండి.

కంట్రోలర్_కాకినాడ
చిన్న గిఫ్ట్ అయితే స్టీమ్ కార్డు పంపొచ్చు, ఫ్రెండ్ లిస్టులో మూడు రోజులు దాటి ఉంటే చాలు. గేమ్‌నే గిఫ్ట్‌గా పంపితే రెండు దేశాల ధరల్లో తేడా ఎక్కువున్నప్పుడు వెళ్ళదు. నేను ఒకసారి పుట్టినరోజు నాడు ప్రయత్నించి దొరికిపోయా. ఇంకోటి, మన బీజీఎంఐ (పబ్‌జీకి ఇండియా రూపం) ఇండియాకే పరిమితం, దాంట్లో వాడితో ఆడదామనుకుంటే కుదరదు.

బెజవాడ_సపోర్ట్
రెండు టిక్కులు పడ్డాయి. ఇప్పుడే. మనకు 1:40.

ఇంకా జవాబు లేదు.

గోదారి_లంక
నేను మేలుకునే ఉన్నా.

జవాను_చెల్లి
నేనూ.

అరవైనాలుగు_గళ్ళు
చదివాడంటే ఫోన్ చేతిలో ఉంది. అది చాలు ఈ రాత్రికి. పడుకోండి తమ్ముడూ.

బెజవాడ_సపోర్ట్
పొద్దున చూస్తే జవాబు వచ్చి ఉంది. వాడు ఒప్పుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నా.

వాళ్ళ పక్క బిల్డింగ్ మీద పడిందట. వీళ్ళింట్లో కిటికీలన్నీ పోయాయి, అమ్మ చేతికి గాజుముక్కలు గుచ్చుకున్నాయి. ఆమెను హాస్పిటల్‌కి, అక్కడి నుంచి పోల్టావాలో పిన్నిగారింటికి తీసుకెళ్ళాడు. ఫోన్ పగిలింది, కొత్త సిమ్ తీసుకోడానికి ఇన్ని రోజులు పట్టింది. ఆ మైక్‌లో అరుపు వాడు అదే రోజు మర్చిపోయాడట. నేను తొమ్మిది రోజులు దాని గురించే ఆలోచిస్తూ ఉన్నా.

అయితే బరువైపోయాను అన్నది మాత్రం నిజంగానే అన్నాడట. 'మీరందరూ నా కరెంటు కోసం కాచుకుని కూర్చోవడం చూసి సిగ్గేసింది' అని రాశాడు. చోటు ఉంచాం అన్న వాక్యాన్ని వాళ్ళమ్మకు చదివి వినిపించాడట. ఆమెకు ఇంగ్లిష్ రాదు, వీడే అర్థం చెప్పాడు.

పీసీ ఖార్కివ్‌లోనే ఉంది, దుమ్ము పట్టి, బతికుందో లేదో తెలియదు. ఇప్పుడు పిన్నిగారింట్లో ఫోన్ ఒక్కటే. కాబట్టి డోటా లేదు.

నేను 'ప్రివిత్' అని మొదలుపెట్టి జవాబు రాశా. దానికి 'ఎవరు నేర్పారు?' అని అడిగాడు.

అమీర్‌పేట_కెఫె
ఆంటీ చేయి ఎలా ఉంది ఇప్పుడు?

బెజవాడ_సపోర్ట్
కుట్లు వేశారు. వేళ్ళు కదులుతున్నాయట. టమాటా పచ్చడి సీసాలు అన్నీ పగిలిపోయాయని బాధపడుతోందట, చేయి గురించి కాదు.

గోదారి_లంక
ఏ దేశమైనా అమ్మలు అంతే. మా అమ్మ అయితే ఆవకాయ జాడీని ముందు బయటకు తెచ్చేది.

ర్యాంక్_రాజా
@బెజవాడ_సపోర్ట్ ఆ అరిచినవాడు ఇంకా టీమ్‌లో ఉన్నాడా? వద్దనుకుంటే నేను వస్తా. మిడ్ అడగను, ఏ పొజిషన్ ఇచ్చినా ఆడతా. పీసీ సంగతి తేలే దాకా ఫోన్‌లో ఏం ఆడతారో అందులోనైనా సరే.

బెజవాడ_సపోర్ట్
అతను నిన్న నాకు ఫోన్ చేశాడు. సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తనే వాడికి మెసేజ్ పెడతానన్నాడు. ఉండనిద్దాం. మీరు ఆరోవాళ్ళుగా రండి, ఎవరో ఒకరు ఎప్పుడూ డ్యూటీలో ఉంటారు.

ప్రస్తుతానికి లీచెస్ పెట్టాం. ఎత్తుకు 14 రోజుల గడువు. వాడు స్కూల్లో ఆడేవాడట. వాడికి ఉషెనినా గురించి చెప్తే, 'మా ఊరామె చెన్నైలో గెలిచిన సంగతి నీకెలా తెలుసు' అని మూడుసార్లు అడిగాడు. తెల్లపావులు వాడికే ఇచ్చా, ఇంకా మొదటి ఎత్తు వేయలేదు.

అరవైనాలుగు_గళ్ళు
వేస్తాడు. వేసేలోపు మీరు, రాజు ముందు బంటుకు జవాబుగా వేసే సిసిలియన్ అనే ఆరంభం కాస్త చదువుకోండి, స్కూల్లో నేర్చుకున్నవాళ్ళు రాజు ముందు బంటుతోనే మొదలుపెడతారు. ఏమన్నా అర్థం కాకపోతే నాకు ప్రైవేట్‌గా మెసేజ్ పెట్టండి. ఎత్తు మాత్రం చెప్పను, అది మీ ఇద్దరి ఆట.

బెజవాడ_సపోర్ట్
వేశాడు. మీరన్నట్టే, రాజు ముందు బంటు, రెండు గళ్ళు.